నాలుగు మిల్లీ ఆంపియర్ల సున్నా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కమిటీ మిత్రులు ఒక షరతు పెట్టారు. బడి జ్ఞాపకాలు ఇప్పటికే బోలెడు వచ్చాయి, నువ్వు నీ పని గురించి రాయి, కానీ అందులో మన పేట కనబడాలి అన్నారు. మంచి షరతే. నా పని పేరు చెబితే మనవాళ్లలో సగం మంది "అంటే కరెంటు పనా, కంప్యూటర్ పనా?" అని అడుగుతారు. రెండూ. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే పెట్టెకు తీగలు కలపడం, దానికి ప్రోగ్రాం రాయడం ముప్ఫై ఏళ్లకు పైగా నా బతుకుదెరువు. ఆ విద్య హైదరాబాద్‌కు ఎలా వచ్చింది, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో మాలాంటివాళ్ల చేతికి ఎలా అందింది అన్నది ఎవరూ రాసినట్టు నా కంట పడలేదు. అందుకే ఈ నాలుగు పేజీలు.

ముందు పీఎల్‌సీ లేని కాలం గురించి చెప్పాలి. మన పేటకు కూతవేటు దూరంలో అజామాబాద్ పారిశ్రామిక వాడ ఉంది. నిజాం కాలం నాటిది. ఇప్పుడు దాని పక్కనుంచి పోయేవాళ్లకు వీఎస్టీ అంటే బస్టాపు, ఫంక్షన్ హాలు. మా చిన్నప్పుడు వీఎస్టీ అంటే వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, అందులో ఉద్యోగం అంటే పిల్లనివ్వడానికి ముందుకొచ్చేవాళ్లు. ఆ వాడలో పెద్ద కంపెనీలతో పాటు చిన్న చిన్న వర్క్‌షాపులు ఉండేవి. 1989లో మాసాబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, అలాంటి ఒక ప్యానెల్ బోర్డుల వర్క్‌షాపులో ట్రైనీగా చేరాను. చిక్కడపల్లి నుంచి సైకిల్ మీద పది నిమిషాలు.

అక్కడ చేసేది రిలే ప్యానెల్. ఇనుప బీరువా లాంటి పెట్టె, లోపల వరసగా కాంటాక్టర్లు, రిలేలు, టైమర్లు, వాటి మధ్య వందల కొద్దీ తీగలు. మోటారు ఎప్పుడు తిరగాలి, దాని తర్వాత ఎన్ని సెకన్లకు రెండో మోటారు తిరగాలి, తలుపు తెరిచి ఉంటే ఏది ఆగాలి అన్న తర్కమంతా ఆ తీగల అల్లికలోనే ఉండేది. వైరింగ్ చేసే పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. తీగ చివర లగ్గు నొక్కి, నంబరు ఫెర్రూల్ తొడిగి, డక్టులో పడుకోబెట్టడంలో ఆయన చేతివాటం చూడాల్సిందే. కస్టమరు వచ్చి "రెండో మోటారు ముందు తిరగాలి, మొదటిది తర్వాత" అంటే మాత్రం ఆయన ముఖం మాడిపోయేది. ఆ ఒక్క మాటకు మూడు రోజుల పని. తీగలు పీకాలి, డ్రాయింగ్ దిద్దాలి, మళ్లీ కలపాలి.

సరిగ్గా ఈ బాధే అమెరికాలో కార్ల కంపెనీలకు పెద్ద ఎత్తున ఉండేది. ఏడాదికొక కొత్త మోడల్ కారు, ఏడాదికొకసారి రిలేల గోడలు కూల్చి కట్టడం. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం దీనికి మందు కావాలని 1968లో అడిగింది. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో డిక్ మోర్లీ, ఆయన మిత్రులు తయారుచేసిన మోడికాన్ 084 ఆ మరుసటి ఏడాది జనరల్ మోటార్స్‌కు చేరింది. 084 అన్న అంకెలో పెద్ద గూఢార్థం ఏమీ లేదు, అది ఆ సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు. నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా అనిపించేది యంత్రం కాదు, దానికి వాళ్లు పెట్టుకున్న భాష. కంప్యూటర్ భాషలు నేర్చుకోమని ఎలక్ట్రీషియన్లకు చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ రోజూ చూసే రిలే డ్రాయింగ్‌నే, నిచ్చెన మెట్లలాంటి ఆ బొమ్మనే, ప్రోగ్రాంగా మార్చారు. ల్యాడర్ అన్న పేరు అలా వచ్చిందే. మా ఉస్తాద్‌కు ఇంగ్లిష్ రాదు, కానీ ల్యాడర్ బొమ్మ మొదటిసారి చూపిస్తే వేలు పెట్టి చదివేశాడు. "యే తో అప్నా హీచ్ డ్రాయింగ్ హై" అన్నాడు.

మోడికాన్ జనరల్ మోటార్స్‌కు చేరిన 1969లోనే మన ఈసీఐఎల్ టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్‌ను తెచ్చింది. ఈసీఐఎల్ పుట్టింది 1967లో. దాని వెనుక ఉన్నది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలో, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ట్రాంబేలో అణుశక్తి ఎలక్ట్రానిక్స్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ఏఎస్ రావు నగర్‌లో ఇల్లు కొనుక్కున్న మన పూర్వ విద్యార్థుల్లో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు? ఒకసారి వాట్సాప్ గ్రూపులో అడిగి చూడాలి. ఈసీఐఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, సనత్‌నగర్ ఆల్విన్, వీటన్నిటి వల్ల ఈ నగరంలో కొలత పరికరాల పని తెలిసిన ఒక తరం తయారైంది. 1974లో రామంతాపూర్‌లో స్వీడన్ సాయంతో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు ప్రత్యేకంగా అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఇలాంటి సంస్థ ఇక్కడ ఉండటం చిన్న విషయం కాదు. అమీర్‌పేట గురించి అందరూ రాస్తారు, రామంతాపూర్ గురించి ఎవరూ రాయరు.

అయితే ఆ గేట్ల లోపల ఉన్న విద్య బయటి కుర్రాడికి ఎలా దొరకాలి? 1990 ప్రాంతంలో పీఎల్‌సీ అంటే దిగుమతి సరుకు. సిమెన్స్ వారి ఎస్5 వంశం 1979 నుంచి ప్రపంచంలో ఉంది, మన సిమెంటు ఫ్యాక్టరీల్లోకీ వచ్చింది. కానీ దాన్ని తాకనిచ్చేది ఎవరు? ప్రోగ్రాం చేసే యూనిట్ ఒక్కటే మాలాంటి వాళ్ల ఏళ్ల జీతం. మాన్యువల్‌కు తాళం వేసి పెట్టేవాళ్లు. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే పీఎల్‌సీ ముట్టుకోవడం.

1992లో ఆ ముడి నాకు అశోక్‌నగర్‌లో విడింది. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసి ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన, తన ఇంటి ముందు గదిలో సాయంత్రాలు ఏడెనిమిది మందికి చెప్పేవారు. బోర్డు లేదు, సర్టిఫికెట్ లేదు. పేరు రాస్తే ఆయన ఆత్మ కూడా కోప్పడుతుంది కాబట్టి సార్ అనే రాస్తాను. ఒక చెక్క పలక మీద పాత ఎస్5 పీఎల్‌సీ, నాలుగు టోగుల్ స్విచ్చులు, నాలుగు ఇండికేటర్ బల్బులు, ఒక 24 వోల్టుల సప్లై. అది ఎక్కడో తుక్కు కింద అమ్మిన సరుకు, ఆయన బాగుచేసుకున్నారు. మిగతా సామాను కోఠి గుజరాతీ గల్లీ నుంచి మేమే తెచ్చేవాళ్లం. మాన్యువల్ జిరాక్సు నారాయణగూడలో, పేజీల లెక్కన తలా ఇంత వేసుకుని. ఇంట్లో చదవడానికి చోటు లేక నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ఆ జిరాక్సులు చదివాం. పక్క బల్ల మీద గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు మా చేతిలోని బొమ్మలు చూసి ఇదేం పరీక్షయ్యా అని అడిగేవాళ్లు.

స్విచ్చు, బల్బు పాఠం వారంలో అయిపోయింది. స్విచ్చు వేస్తే ఒకటి, తీస్తే సున్నా. నిజమైన చదువు ఆ తర్వాత మొదలైంది. "బాబూ, లోకం ఒకటీ సున్నాల్లో ఉండదు. ఈ టీ ఎంత వేడిగా ఉంది చెప్పు, అవునా కాదా అని కాదు, ఎంత?" అని సార్ గ్లాసు ముందు పెట్టారు. ఆ గ్లాసులో ముంచింది పీటీ-100 అనే ప్లాటినం తీగ సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.5 ఓములు. మన పదో తరగతి భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం చెప్పిన మేష్టారు గుర్తున్నారా? రియోస్టాట్ జరుపుతూ అమ్మీటరు ముల్లు చూపించిన ఆ పాఠం తప్ప ఇందులో కొత్త సిద్ధాంతం ఏమీ లేదు. డిగ్రీకి అరవై ఓముల్లో కాదు, 0.4 ఓము కంటే తక్కువ మార్పు. అంత చిన్న తేడా కొలవాలంటే, సెన్సర్ నుంచి పీఎల్‌సీ దాకా వచ్చే తీగ తన సొంత నిరోధాన్ని కూడా లెక్కలో కలిపేస్తుంది. ఒక ఓము తీగ నిరోధం కలిస్తే రెండున్నర డిగ్రీల అబద్ధం. అందుకే పీటీ-100కు మూడు తీగలు. మూడో తీగతో తీగ నిరోధాన్ని కొలిచి తీసివేస్తారు. ఎందుకు మూడు తీగలు అని తెలియని ఎలక్ట్రీషియన్ రెండు తీగలే లాగి, మూడోది పక్క స్క్రూకు తగిలించి చేతులు దులుపుకుంటాడు. ఇప్పటికీ ఏడాదికి రెండు చోట్లయినా చూస్తాను.

సెన్సర్ దూరంగా ఉంటే దాని పక్కనే ఒక ట్రాన్స్‌మీటర్ పెడతారు. అది కొలతను కరెంటుగా మార్చి పంపుతుంది. ఆ కరెంటు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. వోల్టేజీ ఎందుకు కాదు? తీగ పొడవునా వోల్టేజీ కొంత పడిపోతుంది. కరెంటు, ఒకే వలయంలో ఉన్నంత వరకు, రెండు మీటర్ల దగ్గరైనా రెండు వందల మీటర్ల దగ్గరైనా అంతే. సరే, 0 నుంచి 20 ఎందుకు కాదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సార్ పూర్తి సాయంత్రం తీసుకున్నారు. అంతకుముందు పరికరాలు గాలి పీడనంతో పనిచేసేవి, 3 నుంచి 15 పీఎస్ఐ దాకా. గాలి గొట్టం ఊడిపోతే సున్నాకు పడుతుంది, కనీస కొలత అయితే 3 దగ్గర నిలుస్తుంది. అంటే ఏమీ లేదు అన్నదానికీ, తెగిపోయింది అన్నదానికీ తేడా తెలుస్తుంది. అదే ఆలోచన కరెంటులోకి వచ్చింది. 4 మిల్లీ ఆంపియర్లు అంటే కొలత సున్నా. నిజంగా సున్నా కరెంటు వస్తే తీగ తెగింది. పైగా ఆ 4 మిల్లీ ఆంపియర్లతోనే ట్రాన్స్‌మీటర్ బతుకుతుంది, వేరే కరెంటు సప్లై అక్కర్లేకుండా రెండు తీగలతోనే పని అయిపోతుంది. సున్నాకు కూడా ప్రాణం పోశారన్నమాట, ఇంగ్లిష్‌లో దీన్ని లైవ్ జీరో అంటారు.

మా దగ్గర ఉన్న కార్డుకు 1 నుంచి 5 వోల్టులు కావాలి. 20 మిల్లీ ఆంపియర్లను 250 ఓముల గుండా పంపితే 5 వోల్టులు, 4 పంపితే ఒక వోల్టు. 250 ఓముల రెసిస్టరు గుజరాతీ గల్లీలో అడిగితే దుకాణదారు నవ్వాడు. నాలుగు వెయ్యి ఓములవి సమాంతరంగా కలిపితే 250 అని మాలో ఒకడు, అతడూ మన బడి వాడే, నిమిషంలో చెప్పాడు. ఆ నాలుగు రెసిస్టర్ల కట్ట ఇంకా నా డబ్బాలో ఉంది.

తర్వాత అంకెల గొడవ. కరెంటును పీఎల్‌సీ అంకెగా మార్చుకుంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. సిమెన్స్ ఎస్5లో 4 మిల్లీ ఆంపియర్లు అంటే 512, 20 అంటే 2560. 1990ల మధ్యలో వచ్చిన ఎస్7లో అదే 0 నుంచి 27648. అలెన్ బ్రాడ్లీ ఎస్ఎల్‌సీలో 3277 నుంచి 16384. తీగలో పోయే కరెంటు ఒక్కటే, పెట్టెకొక పేరు. ఇవి కంఠతా పట్టి పెద్ద పండితుల్లా తిరిగేవాళ్లు ఉంటారు. సార్ కంఠస్థం ఒప్పుకునేవారు కాదు. "రెండు బిందువులు తెలిస్తే సరళరేఖ గీయలేవా?" అనేవారు. నిజమే, స్కేలింగ్ అంటే తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలోని సరళరేఖా సమీకరణం.

1991 తర్వాత దిగుమతులు సులువయ్యాయి, పీఎల్‌సీలు చిన్నవయ్యాయి, ధరలు దిగాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలు పెరిగాయి. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎలక్ట్రానిక్ రికార్డులకు పార్ట్ 11 అనే నిబంధన తెచ్చింది. అక్కడికి మందులు పంపాలంటే ఉష్ణోగ్రత, పీడనం కంప్యూటర్‌లో నమోదైతే ఆ నమోదును ఎవరూ దిద్దలేదని చూపించాలి. ఆ నిబంధన పుణ్యమా అని మా వాళ్లకు చేతినిండా పని. అదే దశకంలో ఐడీపీఎల్, ఆల్విన్ కూలబడ్డాయి. నాన్నలు ఇంటికొచ్చారు, కొడుకులు పీఎల్‌సీ నేర్చుకుని ప్రైవేటు కంపెనీల గేట్ల ముందు నిలబడ్డారు. మన తరగతిలోనే అలాంటి ఇళ్లు రెండు నాకు తెలుసు. ఆటోమేషన్ వల్ల ఉద్యోగాలు పోయాయని నన్ను నిలదీసే మిత్రులకు నా జవాబు ఎప్పుడూ సగమే. రిలే ప్యానెల్ వర్క్‌షాపులు చాలా మూతపడ్డాయి, నిజమే. మా ఉస్తాద్ కొత్త పెట్టెకూ తానే వైరింగ్ చేశాడు, అదీ నిజమే. పీఎల్‌సీ వచ్చాక కూడా తీగ తీగే.

ఈ విద్యలో పొరపాటు ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. నగర శివార్లలోని ఒక ఫ్యాక్టరీ, పేరు అనవసరం. రియాక్టరు జాకెట్‌కు ఆవిరి పంపి వేడి చేసే పని, ఉష్ణోగ్రత 0 నుంచి 200 డిగ్రీలు. అంతకుముందు ఎవరో పెట్టి వెళ్లిన సిస్టంను పరీక్షించడానికి నన్ను పిలిచారు. పొద్దున షిఫ్టులో ఒక ఆపరేటర్, వయసులో పెద్దాయన, నా దగ్గరికి వచ్చి "సార్, చెయ్యి పెడితే చల్లగా ఉంది, మీ కంప్యూటర్ 64 అంటోంది" అన్నాడు. బయట గోడకున్న థర్మామీటరు 30 చూపిస్తోంది. కాగితం తీసి లెక్క వేశాను. 30 డిగ్రీలకు ట్రాన్స్‌మీటర్ పంపాల్సింది 6.4 మిల్లీ ఆంపియర్లు. మీటరు పెట్టి చూస్తే సరిగ్గా 6.4. మరి పీఎల్‌సీ కార్డును 4–20కి కాకుండా 0–20కి అమర్చి వదిలేశారు. 6.4ను 20తో భాగించి 200తో గుణిస్తే 64. పైకి పోయేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. నిజమైన 100కు 120 చూపిస్తుంది, 200 దగ్గర రెండూ కలిసిపోతాయి. అందుకే ఉత్పత్తి నడిచేటప్పుడు ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు.

ఆవిరి లైను చేతి వాల్వు మూయించి, సెన్సర్ తీగ ఒకటి విప్పించాను. తెర మీద సున్నా డిగ్రీలు. రియాక్టరు మంచుగడ్డ అనుకుని ప్రోగ్రాం ఆవిరి కంట్రోల్ వాల్వును నూటికి నూరు తెరిచింది. ఎలుక కొరికో, స్క్రూ వదులయ్యో నడిరాత్రి ఆ తీగ ఊడి ఉంటే లోపల ద్రావకం ఏమయ్యేదో కెమిస్ట్రీ చదివిన మిత్రులు ఊహించుకోగలరు. ఆ ఫ్లోరులో షిఫ్టుకు పది మంది ఉండేవాళ్లు. కార్డును 4–20కి మార్చాం. కరెంటు 3.6 కంటే దిగినా, 21 దాటినా కొలతను నమ్మకుండా ఆవిరి మూసి, హూటరు మోగించేలా నాలుగు మెట్ల ల్యాడర్ అదనంగా రాశాం. గంట పని. సార్ 4 మిల్లీ ఆంపియర్ల మీద ఒక సాయంత్రం అంతా ఎందుకు ఖర్చుపెట్టారో ఆ రోజు ఆ ఫ్యాక్టరీ మేనేజరుకు నేను చెప్పాల్సి వచ్చింది. ఇంకో మాట. పొరపాటును పట్టింది నా లెక్క కాదు, ఆ ఆపరేటర్ అరచెయ్యి.

వైరింగ్ గురించి కూడా రెండు ముక్కలు రాస్తే తప్ప నా జూనియర్లు ఊరుకోరు. అనలాగ్ తీగను మోటారు కేబుల్ పక్కన ఒకే ట్రేలో పడుకోబెట్టకూడదు, మోటారు స్టార్టయినప్పుడల్లా అంకె గంతులేస్తుంది. షీల్డు తీగను ఒక్క కొసనే, ప్యానెల్ వైపే ఎర్త్ చేయాలి. రెండు కొసలా చేస్తే రెండు చోట్ల భూమి మధ్య ఉన్న చిన్న తేడా షీల్డు గుండా ప్రవహించి కొలతను చెడగొడుతుంది. అంకె గంతులేస్తే చాలామంది ప్రోగ్రాంలో సగటు తీసే ఫిల్టరు పెట్టి దాచేస్తారు. అది జ్వరానికి థర్మామీటరు పగలగొట్టడం. ఉస్తాద్ చెప్పిన "పహ్లే తార్ దేఖో" ముప్ఫై ఏళ్లలో నన్ను ఎన్నిసార్లు కాపాడిందో లెక్క లేదు.

2000 ఆగస్టు 24 మన పేటవాళ్లెవరూ మరిచిపోరు. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా అశోక్‌నగర్, దోమలగూడ పక్కనుంచే కదా పోయేది, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అప్పటికి నేనూ ఆదివారాలు సార్ గదిలో కొత్త పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. బురద కడిగి పలక ఆరబెట్టిన తర్వాతి వారం సార్ ఇచ్చిన అభ్యాసం ఇదీ: సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. అడుగున 5 మీటర్ల లోతు కొలిచే పీడన సెన్సర్ వేశామనుకోండి. మీటరు నీటికి సుమారు 9.8 కిలోపాస్కల్స్ పీడనం, మీటరుకు 3.2 మిల్లీ ఆంపియర్లు. సెంటీమీటరు పెరిగితే 0.032. ఎస్7 అంకెల్లో సెంటీమీటరుకు 55. నీరు గంటకు ఎన్ని సెంటీమీటర్లు పెరిగితే హెచ్చరిక మోగాలి? అల వచ్చి తగిలినప్పుడు మోగకుండా ఎలా ఆపాలి? తీగ తెగితే నీళ్లు లేవనుకోకుండా ఏం చేయాలి? ఇళ్లలో పరుపులు ఇంకా ఎండలో ఉన్నాయి. ఆ రోజు ఎవరూ పాఠం మధ్యలో టీకి లేవలేదు.

సార్ పోయి చాలా ఏళ్లయింది, ఆ ఇంటి స్థానంలో అపార్ట్‌మెంట్ వచ్చింది. అశోక్‌నగర్ ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్‌కు పేరు. గ్రంథాలయం ముందు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పిల్లల్లో ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లు కూడా కనిపిస్తారు. వాళ్లను తప్పుపట్టను, సర్కారు ఉద్యోగం విలువ నాకు తెలుసు. కానీ ఆ పిల్లల్లో చాలామంది పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివి కూడా ఒక ట్రాన్స్‌మీటర్‌ను చేత్తో పట్టుకోలేదంటే కడుపు తరుక్కుపోతుంది. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద నేర్చుకుని వస్తారు. సిమ్యులేటర్‌లో స్క్రూ వదులు కాదు.

బడి సైన్సు గదిలో ఒక బల్ల పెడదామని సంఘం నిర్ణయించినప్పుడు సామాను జాబితా రాసే పని నాకు అప్పగించారు. అనలాగ్ ఇన్‌పుట్లున్న చిన్న పీఎల్‌సీ ఒకటి, 24 వోల్టుల సప్లై, పీటీ-100 రెండు, రెండు తీగల ట్రాన్స్‌మీటర్ ఒకటి, మల్టీమీటర్లు మూడు, లగ్గులు నొక్కే పట్టకారు, ఫెర్రూళ్లు, నాలుగు టోగుల్ స్విచ్చులు, ఒక హూటరు, టీ గ్లాసులు ఆరు. 250 ఓముల రెసిస్టరు మాత్రం కొనొద్దని రాశాను. వెయ్యి ఓములవి ఒక పొట్లం కొనండి, మిగతాది పిల్లలు చూసుకుంటారు.